పాత టీఎల్‌ఆర్ కెమెరాతో మొదలుపెట్టేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ జవాబులు ముఖ్యంగా యాషికా మ్యాట్-124జీని దృష్టిలో పెట్టుకుని రాసినవి. మన దగ్గర పాత స్టూడియోల్లో, ఇళ్ళల్లో యాషికాలు ఇప్పటికీ కనిపిస్తాయి, బాగుచేసేవాళ్ళకీ వాటి పద్ధతి తెలుసు. మీ చేతిలో ఉన్నది రోలీకార్డ్ అయినా, సీగల్ అయినా ఇక్కడి విషయాల్లో ఎక్కువ భాగం దానికీ వర్తిస్తుంది. తేడా ఉన్నచోట చెప్పాను.

టీఎల్‌ఆర్ అంటే ఏమిటి? రెండు లెన్సులు ఎందుకు?

ట్విన్ లెన్స్ రిఫ్లెక్స్. ఒకదాని మీద ఒకటి రెండు లెన్సులుంటాయి. పైది మనం చూడ్డానికి, కిందది ఫిల్మ్ మీద బొమ్మ పడడానికి. పై లెన్స్ వెనక ఏటవాలుగా ఒక అద్దం ఉంటుంది. అది వెలుతురుని పైకి మళ్ళించి మసక గాజు తెర మీద పడేస్తుంది. మనం కెమెరాను పొట్ట దగ్గర పట్టుకుని, తల వంచి ఆ తెరలో చూస్తాం. రెండు లెన్సులూ ఒకే పలక మీద బిగించి ఉంటాయి కాబట్టి పైదానిలో ఫోకస్ కుదిరితే కిందదానిలోనూ కుదిరినట్టే.

అద్దం కదలదు. అందుకే నొక్కినప్పుడు చిన్న టిక్కు తప్ప శబ్దం రాదు, కెమెరా అదరదు, ఫొటో పడే క్షణంలో కూడా బొమ్మ మీకు కనిపిస్తూనే ఉంటుంది. ఎదుటి మనిషికి మొహానికి అడ్డంగా కెమెరా కనబడదు. దాంతో బిగుసుకుపోరు. మనుషుల ఫొటోలు తీయాలనుకునేవారికి ఈ ఒక్క కారణం చాలు.

జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్‌లో ఫ్రాంకే అండ్ హైడెకె కంపెనీ 1929లో రోలీఫ్లెక్స్ తెచ్చాక ఈ రకం కెమెరాకు పేరొచ్చింది. మన దేశపు తొలితరం మహిళా ప్రెస్ ఫొటోగ్రాఫర్ హోమాయ్ వ్యారవాలా వాడిన కెమెరాల్లో రోలీఫ్లెక్స్ ఉంది. షికాగో వీధుల్ని తీసిన వివియన్ మేయర్ చేతిలోనూ అదే. యాషికా కంపెనీ జపాన్‌లో దీన్ని మధ్యతరగతికి అందే ధరలో చేసింది. 1957లో యాషికా మ్యాట్ వస్తే, 124జీ 1970లో వచ్చి 1980ల మధ్య దాకా తయారైంది.

120 రీలు అంటే ఏమిటి? ఎన్ని ఫొటోలు వస్తాయి?

ఫిల్మ్ వెనక పొడవునా నల్ల కాగితం ఉండి, రెండూ కలిపి స్పూలుకు చుట్టి ఉంటాయి. 35 ఎంఎం రీలులా డబ్బీ ఉండదు. కొడాక్ 1901లో తెచ్చిన సైజు ఇది, ఇప్పటికీ కొత్త ఫిల్మ్ తయారవుతూనే ఉంది. చతురస్రపు ఫ్రేములు 12 వస్తాయి. ఒక్కోటి సుమారు 56 మి.మీ. చదరం, అంటే 35 ఎంఎం ఫ్రేముకు మూడున్నర రెట్ల వైశాల్యం. పాత ఆల్బమ్‌లలోని చిన్న చదరపు నలుపు తెలుపు ఫొటోల్లో కూడా చీర అంచు దారాలు లెక్కపెట్టగలిగినంత స్పష్టత ఉందంటే దానికి పెద్ద కారణం ఈ నెగటివ్ సైజే.

124జీ 220 రీలు కూడా తీసుకుంటుంది, దాంట్లో 24 వస్తాయి. ఆ రీళ్ళు ఇప్పుడు దొరకడం కష్టం. మర్చిపోవచ్చు.

ఏ మోడల్ తీసుకోవాలి?

పేరు కంటే ఆరోగ్యం చూడండి. షటర్ సరిగ్గా పలికే యాషికా-డీ, షటర్ బిగుసుకున్న రోలీఫ్లెక్స్ కంటే వెయ్యి రెట్లు నయం. ఇది ధర మాట కాదు, ఫొటో మాట.

124జీలో ఫొటో తీసే లెన్స్ 80 మి.మీ. ఎఫ్3.5 యాషినాన్, నాలుగు గాజు పలకల టెస్సార్ తరహా. ఎఫ్ అంకె అంటే అపర్చర్, వెలుతురు వచ్చే రంధ్రం సైజు; అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది. ఎఫ్8, ఎఫ్11 దగ్గర దీని ఫొటోకి, ఎంతో ఖరీదైన కెమెరా ఫొటోకి తేడా చెప్పడం మామూలు కంటికి కష్టం. హ్యాండిల్ తిప్పితే ఫిల్మ్ జరగడం, షటర్ సిద్ధం కావడం రెండూ జరుగుతాయి. దీని ముందు మోడళ్ళు 124, మ్యాట్, మ్యాట్ ఎల్ఎం కూడా మంచివే. పేరు చివరి ‘జీ’ వెలుతురు కొలిచే మీటరు తీగల కలయికల్లో వేసిన బంగారు పూతకి గుర్తు. దానికోసం ఎక్కువ డబ్బు పెట్టక్కర్లేదు.

రష్యన్ లుబిటెల్ చవకైనదే. కానీ దాని తెరలో మధ్యనున్న చిన్న మసక వృత్తంలో మాత్రమే ఫోకస్ చూడగలం. కొత్తవాళ్ళకి విసుగు పుడుతుంది. లెన్సులు మార్చుకోవాలనుకుంటే మామియా సీ330 ఉంది, బాగా బరువు.

కొనేముందు రీలు సైజు తప్పకుండా అడగండి. యాషికా 44, బేబీ రోలీ 127 సైజు వాడతాయి. కొడాక్ డుయాఫ్లెక్స్ లాంటివి 620 స్పూలు అడుగుతాయి, పైగా వాటికి రెండు కళ్ళున్నా చాలావాటిలో పై కన్నుతో ఫోకస్ చేసే వీలే లేదు. మీకు కావాల్సింది 120.

తాతగారి కెమెరా బీరువాలో దొరికింది. పనిచేస్తుందో లేదో ఎలా తెలుస్తుంది?

ముందు ఏ మీటనూ బలవంతంగా తిప్పకండి. లోపల పాత రీలు ఉండొచ్చు కూడా. కౌంటర్‌లో అంకె కనిపిస్తున్నా, హ్యాండిల్ తిప్పితే బరువు తగులుతున్నా వెనక తలుపు తెరవకుండా రీలు చివరిదాకా చుట్టేసి తీయండి. దశాబ్దాల నాటి ఫిల్మ్ మీద కూడా కొన్నిసార్లు బొమ్మలు బతికి ఉంటాయి. నలుపు తెలుపుదైతే ఆశ ఎక్కువ.

తర్వాత ఖాళీ కెమెరాతో ఇవి చూడండి. షటర్ వేగాన్ని 1 సెకను మీద పెట్టి నొక్కండి. రేకులు తెరుచుకుని, లోపల గరగరమని సన్నటి మోతతో సెకను గడిచాక మూసుకోవాలి. తెరుచుకునే ఉండిపోయినా, ఆగి ఆగి మూసుకున్నా లోపలి నూనె గట్టిపడిందని అర్థం. పాత కెమెరాల్లో ఇది చాలా మామూలు జబ్బు, సర్వీసింగ్‌తో పోతుంది. 1/2, 1/4, 1/8 ఒక్కొక్కటే వినండి. చెవికే తేడా తెలుస్తుంది. షటర్ రేకుల మీద నూనె మెరుస్తూ కనబడకూడదు.

వెనక తలుపు తెరిచి, ‘బి’ మీద పెట్టి షటర్ నొక్కి పట్టుకుని, సెల్‌ఫోన్ టార్చి లెన్స్ గుండా వేయండి. సాలెగూడు దారాల్లాంటివి కనిపిస్తే ఫంగస్. ఒకటి రెండు దుమ్ము కణాలకి టెన్షన్ పడక్కర్లేదు, ఫొటోలో కనిపించవు. తలుపు అంచుల్లోని స్పాంజి వేలితో తాకితే జిగురుగా, పొడిగా రాలుతుంటే మార్పించాలి. లేకపోతే వెలుతురు లోపలికి దూరుతుంది.

ఇక ఫోకస్. ఫిల్మ్ పరిచే చోట మసకగా ఉండే సెలోటేప్‌ని బిగుతుగా అతికించి, షటర్‌ను ‘బి’లో తెరిచి ఉంచి, దూరంగా ఉన్న కరెంటు స్తంభాన్నో బోర్డునో పై తెరలో ఫోకస్ చేయండి. టేపు మీద కూడా అది స్పష్టంగా పడాలి. రెండూ కలవకపోతే గతంలో ఎవరో విప్పి సరిగ్గా బిగించలేదన్నమాట. అలాంటిదాన్ని కొనకుండా వదిలేయడం మేలు.

కొన్న ధర మీద సర్వీసింగ్ ఖర్చు కూడా వేసుకుని చూడండి. ఊళ్ళో పాతకాలపు కెమెరా మెకానిక్ ఉంటే, కెమెరా కొనకముందే ఆయన్ని పరిచయం చేసుకోవడం అన్నిటికంటే తెలివైన పని.

ఫంగస్ రాకుండా ఏం చేయాలి?

విశాఖ, మచిలీపట్నం, నెల్లూరు లాంటి కోస్తా ఊళ్ళల్లో ఇది నిజంగా పట్టించుకోవాల్సిన విషయం. తోలు కేసులో పెట్టి బీరువాలో మూసేస్తే తేమ అక్కడే నిలుస్తుంది. తోలు కేసుని వేరుగా ఉంచండి. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో కెమెరాను పెట్టండి. ఆ పొట్లాలు తేమ పీల్చాక ఎండబెట్టి మళ్ళీ వాడాలి. అప్పుడప్పుడు బయటకు తీసి వెలుతురు తగలనిస్తే ఇంకా మంచిది.

రీలు ఎక్కించడం ఎలా? ఇదే భయంగా ఉంది.

గడువు దాటిన రీలొకటి సంపాదించి, వెలుతురులోనే రెండు మూడుసార్లు ఎక్కించి దించి చూడండి. భయం అక్కడితో పోతుంది. అసలు రీలు మాత్రం నీడలో ఎక్కించాలి.

కింద ఉన్న తాళం తిప్పి వెనక తలుపు తెరవండి. తలుపుకున్న నల్లటి ఒత్తుడు పలకకి రెండు స్థానాలుంటాయి. అది 120 స్థానంలో ఉందో లేదో చూడండి. పాత ఖాళీ స్పూలు కింది గదిలో మిగిలి ఉంటే దాన్ని పై గదిలోకి మార్చండి. కొత్త రీలు కింది గదిలో పెట్టాలి. రీలు చుట్టూ ఉన్న కాగితపు పట్టీ చించి, కొసను పైకి లాగి, ఖాళీ స్పూలు చీలికలో దూర్చండి. నల్లవైపు లెన్సుకేసి ఉండాలి, అక్షరాలున్న వైపు మీకు కనబడాలి. ఇది తిరగబడితే మొత్తం రీలు పోతుంది.

హ్యాండిల్ మెల్లగా తిప్పుతుంటే కాగితం మీద అడ్డంగా బాణం గుర్తు వస్తుంది. దాన్ని కెమెరా అంచులో ఉన్న మొదలు గుర్తుకి ఎదురుగా తెచ్చి ఆపండి. తలుపు మూసి, తాళం వేసి, హ్యాండిల్ దానంతట అదే ఆగేదాకా తిప్పండి. కౌంటర్‌లో 1 కనిపిస్తుంది. తలుపు మూసేదాకా కింది రీలు మీద బొటనవేలితో కొంచెం ఒత్తిడి ఉంచాలి. వదులుగా చుట్టుకుంటే తర్వాత బయటకు తీసినప్పుడు అంచుల్లోంచి వెలుతురు దూరి, ఫొటోల పక్కన తెల్లటి మచ్చలు పడతాయి.

రోలీఫ్లెక్స్ ఆటోమాట్ వాడేవారికి ఒక హెచ్చరిక. అందులో ఫిల్మ్ మందాన్ని బట్టి మొదలు పసిగట్టే రోలర్ల జత ఉంటుంది. కాగితం ఆ రోలర్ల మధ్య నుంచి వెళ్ళాలి. పైనుంచి తీసుకెళ్తే కెమెరాకు ఫిల్మ్ వచ్చిందనే తెలియదు, ఆగకుండా చుట్టేసుకుంటుంది. ఇక సీగల్ 4బీ, లుబిటెల్‌లలో ఎర్రటి చిన్న కిటికీలోంచి కాగితం మీది అంకె చూసుకుంటూ తిప్పాలి.

ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య హ్యాండిల్ ఎలా తిప్పాలి?

ముందుకు ఆగేదాకా, తర్వాత వెనక్కి ఆగేదాకా. రెండో సగం మర్చిపోయి నొక్కితే నొక్కుకోదు, కెమెరా పాడైందనుకుంటారు. వెనక్కి పూర్తిగా తెచ్చి చూడండి, సరిపోతుంది.

తెరలో బొమ్మ ఎడమ కుడి తారుమారుగా కనిపిస్తోంది. అలవాటవుతుందా?

అవుతుంది. అద్దం ముందు నిలబడి పాపిట తీసుకోవడానికి చెయ్యి అలవాటుపడినట్టే ఇదీ. మొదట్లో కదలకుండా కూర్చున్న మనుషుల్ని, గుమ్మాల్ని, చెట్లని తీయండి. పరుగెత్తే పిల్లల్ని తర్వాత చూసుకోవచ్చు. కెమెరా వంకరగా ఉందనిపిస్తే, బొమ్మ ఎటు ఒరిగితే కెమెరాను ఆ వైపు పైకి లేపాలి. కాసేపటికి చేతులకే తెలిసిపోతుంది.

ఫోకస్ ఎంత సరిగ్గా కుదిరిందో నమ్మకం కలగడం లేదు.

తెర చుట్టూ లేచే మూత (హుడ్) లోపల మడిచి ఉన్న చిన్న భూతద్దాన్ని పైకి లేపి, కన్ను దానికి దగ్గరగా పెట్టండి. మనిషి ఫొటో అయితే మీకు దగ్గరగా ఉన్న కంటి రెప్పల మీద ఫోకస్ చేయాలి. ఫోకస్ నాబ్‌ని కుదిరినచోటు దాటించి, వెనక్కి తెచ్చి, మళ్ళీ దాటించి, మధ్యలో ఆపండి. ఒకేవైపు నుంచి వచ్చి ఆపితే తరచూ తప్పుతుంది. ఎండలో తెర సరిగా కనబడకపోతే మీ వీపు సూర్యుడివైపు ఉండేలా తిరిగి, మీ నీడ హుడ్ మీద పడనివ్వండి.

124జీ ఒక మీటరు కంటే దగ్గరకు ఫోకస్ కాదు. అంత దగ్గరలో ఇంకో చిక్కు కూడా ఉంది. పై లెన్స్ చూసేది, కింది లెన్స్ తీసేది ఒకే చోటు నుంచి కాదు. అందుకే తెరలో నిండుగా కనిపించిన తల నెగటివ్‌లో పైన కోసుకుపోతుంది. స్టాండు మీద ఉంటే, ఫ్రేము కూర్చుకున్నాక రెండు లెన్సుల మధ్య దూరం ఎంతో అంత కెమెరాను పైకి లేపి నొక్కితే సరి. చేతిలో ఉంటే తల పైన కొంచెం ఎక్కువ జాగా వదలండి. దూరపు దృశ్యాలకి ఈ లెక్క అక్కర్లేదు.

లోపలి మీటరును నమ్మవచ్చా?

పూర్తిగా కాదు. అది 1.35 వోల్టుల పాదరసపు బ్యాటరీ పీఎక్స్625 కోసం చేసింది. ఆ బ్యాటరీలు ఇప్పుడు తయారుకావు. అదే సైజులో దొరికే 1.5 వోల్టులది వేస్తే ముల్లు ఉన్న వెలుతురు కంటే ఎక్కువ చూపిస్తుంది, మీరు తక్కువ ఎక్స్‌పోజర్ ఇస్తారు, నెగటివ్ పల్చగా వస్తుంది. 1.35 వోల్టుల జింక్-ఎయిర్ బ్యాటరీ వేస్తే సరిపోతుంది. కానీ లోపలి సెల్లుకి కూడా యాభై ఏళ్ళ వయసుందని గుర్తుంచుకోండి. ఫోన్‌లో ఉచితంగా దొరికే లైట్ మీటర్ యాప్ ఒకటి వేసుకుని రెండింటినీ పోల్చి చూసుకోండి. కెమెరా మీటరు చచ్చిపోయినా షటర్, లెన్స్ మామూలుగా పనిచేస్తాయి, వాటికి బ్యాటరీతో పని లేదు. కాబట్టి మీటరు పోయిన 124జీ తక్కువ ధరకి వస్తే వదులుకోకండి.

మీటరే లేకపోతే?

మన ఎండలో మీటరు లేకుండా తీయడం అనుకున్నంత కష్టం కాదు. నీడ గీత గీసినట్టు పడే ఎండలో అపర్చర్ ఎఫ్16, షటర్ వేగం రీలు ఐఎస్ఓకి (ఫిల్మ్ వెలుతురుని ఎంత త్వరగా పట్టుకుంటుందో చెప్పే, డబ్బా మీది అంకె) దగ్గరగా పెట్టాలి. 100 రీలుకి 1/125 సెకను, 400 రీలుకి 1/500. పల్చటి మబ్బుకి ఎఫ్11, నీడలు కనబడనంత మబ్బుకి ఎఫ్8 లేదా ఎఫ్5.6. వేపచెట్టు నీడలోనో, ఆకాశం కనిపించే అరుగు మీదనో కూర్చున్న మనిషికి ఎఫ్5.6 నుంచి ఎఫ్4.

ఒక లెక్క ముందే చూసుకోండి. 124జీకి 1/500 కంటే వేగం లేదు. ఏప్రిల్, మే ఎండలో 400 రీలు వేస్తే ఎఫ్16కే కట్టుబడిపోతారు. వెనక దృశ్యం మసకబారేలా తీయడం కుదరదు. ఎండాకాలం బయట తీసేవారికి 100 రీలు, లేదా కింది లెన్సుకి బేయొనెట్-1 సైజు న్యూట్రల్ డెన్సిటీ ఫిల్టర్ (వెలుతురు తగ్గించే గాజు) కావాలి.

మధ్యాహ్నపు నడినెత్తి ఎండలో మనుషుల్ని తీయకండి. కళ్ళ కింద గుంటలు పడతాయి. ముదురు రంగు చర్మంలోని వెచ్చదనం ఆ వెలుతురులో కనిపించదు. తెల్ల పంచె, తెల్ల చొక్కా మీటరుని మోసం చేసి మొహాన్ని నల్లబరుస్తాయి. అలాంటప్పుడు మొహం దగ్గరే వెలుతురు కొలవండి. అనుమానంగా ఉంటే ఒక స్టాప్, అంటే రెండింతల వెలుతురు, ఎక్కువే ఇవ్వండి. నెగటివ్ ఫిల్మ్ ఎక్కువ వెలుతురుని ఓర్చుకుంటుంది, తక్కువని ఓర్చుకోదు. నీడలో ఫిల్మ్ మీద పడని వివరాన్ని తర్వాత ఎవరూ తెచ్చిపెట్టలేరు.

మొదటి రీలు ఏది వేయాలి?

ఇల్ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్ లేదా కొడాక్ ట్రై-ఎక్స్. రెండూ ఐఎస్ఓ 400 నలుపు తెలుపు రీళ్ళే, రెండూ ఎక్స్‌పోజర్ తప్పులని క్షమిస్తాయి. పైన చెప్పిన ఎండ చిక్కు ఉంది కాబట్టి ఉదయం, సాయంత్రం, వరండాల్లో వాడండి. పగటి ఎండకే అయితే ఎఫ్‌పీ4 ప్లస్ లేదా ఫోమాపాన్ 100. కలరు కావాలంటే కొడాక్ గోల్డ్ 200 ఇప్పుడు 120లో వస్తోంది. పోర్ట్రా 400 చర్మపు రంగుల్ని చాలా బాగా పట్టుకుంటుంది, ధర మాత్రం ఎక్కువ. స్లైడ్ ఫిల్మ్ (నెగటివ్ కాకుండా నేరుగా బొమ్మ వచ్చే రీలు) జోలికి ఇప్పుడే వెళ్ళకండి.

మొదటి రీలుతో అందమైన ఫొటోల కంటే కెమెరా గురించి సమాచారం రాబట్టండి. ఒకే మనిషిని ఒకే చోట ఎఫ్3.5, ఎఫ్8, ఎఫ్16లో తీయండి. నెమ్మది వేగం ఒకటి, 1/500 ఒకటి తీయండి. సూర్యుడికి ఎదురుగా ఒకటి. ఒక మీటరు దూరం నుంచి ఒకటి. ప్రతి ఫ్రేముకీ అంకెలు పుస్తకంలో రాసుకోండి. రాసుకోని రీలు ఏమీ నేర్పదు.

చెయ్యి అదరకుండా ఎలా?

మెడ పట్టీని బిగుతుగా లాగి, కెమెరాను పొట్టకి ఆనించి, ఊపిరి సగం వదిలి మెత్తగా నొక్కండి. ఇలా 1/60 సులువుగా వస్తుంది, స్థిరమైన చేతికి 1/30 కూడా. అంతకంటే తక్కువైతే స్టాండు, కేబుల్ రిలీజ్ (కెమెరాను ముట్టుకోకుండా నొక్కే తీగ) వాడాలి.

ఫ్లాష్, సెల్ఫ్ టైమర్ సంగతి?

ఇప్పటి ఎలక్ట్రానిక్ ఫ్లాష్‌కి మీటని ఎక్స్ మీద ఉంచండి. ఎం స్థానం పాత ఫ్లాష్ బల్బుల కోసం. లెన్స్ లోపలి షటర్ కాబట్టి 1/500 దగ్గర కూడా ఫ్లాష్ కలుస్తుంది. సర్వీసింగ్ కాని కెమెరాలో సెల్ఫ్ టైమర్ మాత్రం ముట్టుకోకండి. మధ్యలో ఇరుక్కుంటే షటర్ మొత్తం ఆగిపోతుంది.

రీలు ఎక్కడ కడిగించాలి?

హైదరాబాద్ లాంటి పెద్ద ఊళ్ళో విచారించండి, లేదా కొరియర్‌లో తీసుకునే ల్యాబులకి పంపండి. పంపేముందు రెండు మాటలు అడగాలి. 120 సైజు చేస్తారా? నెగటివ్‌లు తిరిగి ఇస్తారా? స్కాన్లు మాత్రమే పంపి నెగటివ్‌లు పారేసే చోటికి మీ రీలు ఇవ్వకండి.

నలుపు తెలుపు ఇంట్లోనే కడగొచ్చు, అది నేర్చుకోవాల్సిన విద్యే. వెలుతురు చొరని ట్యాంకు, చేతులు దూర్చే నల్లసంచి, డెవలపర్, ఫిక్సర్, థర్మామీటర్ కావాలి. 120కి ట్యాంకులో 500 మి.లీ. ద్రావణం పోయాలి. ఇల్ఫర్డ్ ఐడీ-11లో నీళ్ళు కలపకుండా హెచ్‌పీ5కి 20 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలు. చిక్కల్లా ఆ 20 డిగ్రీలే. వేసవిలో కుళాయి నీళ్ళు 30 దాటతాయి. డెవలపర్ సీసాను ఐసు ముక్కలేసిన బకెట్‌లో నిలబెట్టి 20కి దింపండి. డెవలపర్‌కీ కడిగే నీళ్ళకీ వేడిలో పెద్ద తేడా లేకుండా చూడండి. నల్లసంచిలో చెమట పట్టిన వేళ్ళు ఫిల్మ్‌కి అంటుకుంటాయి. ఫ్యాన్ కింద, తెల్లవారుజామున చేయండి.

కడిగించాక రీలంతా ఖాళీగా వచ్చింది. ఏం జరిగింది?

అంచులు చూడండి. ఫిల్మ్ పేరు, అంకెలు అంచున స్పష్టంగా ఉండి మధ్యలో ఏమీ లేకపోతే కడగడం సరిగ్గానే జరిగింది, వెలుతురే పడలేదు. షటర్ తెరుచుకోలేదు, లేదా కాగితం తిరగబడింది. అంచు అక్షరాలు కూడా లేకపోతే లోపం కడగడంలో ఉంది. రీలంతా నల్లగా ఉంటే వెలుతురు దూరింది. ఫ్రేములు ఒకదానిమీదొకటి ఎక్కితే ఫిల్మ్ జరిపే పళ్ళ చక్రాలో, మొదట బాణం గుర్తు తప్పుగా పెట్టడమో కారణం. ప్రతి ఫ్రేములో ఒకే చోట మచ్చ ఉంటే అది తలుపు స్పాంజి పని.

రీళ్ళు ఎలా దాచాలి? విమానంలో తీసుకెళ్ళవచ్చా?

ఫ్రిజ్‌లో, మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టండి. వాడే ముందు గంటసేపు బయట ఉంచాకే కవర్ చించాలి, లేకపోతే చెమ్మ పడుతుంది. ఎండలో నిలిపిన కారులో ఎప్పుడూ వదలకండి.

విమానంలో రీళ్ళని చెక్-ఇన్ సామానులో అసలు పెట్టకూడదు. ఆ ఎక్స్‌రే చాలా బలమైనది. చేతి సంచిలో, విడిగా పారదర్శకమైన కవర్‌లో ఉంచి, చేత్తో తనిఖీ చేయమని మర్యాదగా అడగండి. కొత్త సీటీ తరహా స్కానర్లు ఒక్కసారికే ఫిల్మ్‌ని పాడుచేయగలవు. అమెరికా నుంచో గల్ఫ్ నుంచో వచ్చేవాళ్ళతో రీళ్ళు తెప్పించుకుంటుంటే ఈ మాట వాళ్ళకి ముందే చెప్పండి.

కొన్ని నెలలు వాడకపోతే కెమెరాను ఎలా ఉంచాలి?

రీలు తీసేసి, బ్యాటరీ తీసేసి, షటర్ నొక్కి స్ప్రింగు వదులైన స్థితిలో ఉంచండి. హుడ్ మూసి ఉండాలి. హుడ్ తెరిచి ఉన్నంతసేపూ మీటరు పనిచేస్తూ బ్యాటరీ తింటుంది. నెలకొకసారి బయటకు తీసి, 1 సెకను నుంచి 1/500 దాకా అన్ని వేగాల్లో ఖాళీగా నొక్కండి. కదలని షటరే ముందు బిగుసుకుంటుంది.